నెలాఖరున నిద్ర పట్టనివ్వని ఉద్యోగులు

నమస్కారం.

వస్తూనే ఒకటి గమనించాను. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వాళ్లంతా ఎడమ వైపు, హెచ్‌ఆర్, జీతాల లెక్క చూసే పేరోల్ వాళ్లంతా కుడి వైపు కూర్చున్నారు. ఎవరూ చెప్పలేదు, అలా కుదిరిపోయింది. ప్రాజెక్టుల్లోనూ ఇలాగే కుదిరిపోతుంది. ఇవాళ నేను మాట్లాడేది ఆ మధ్యలో ఉన్న నడవ గురించి, అంటే ఉద్యోగుల సిస్టమ్‌ని విస్తరించేటప్పుడు ఈ రెండు వైపులూ కలిసి టెస్ట్ ప్లాన్ ఎలా వేయాలన్నదాని గురించి.

కంపెనీ పెరుగుతుంది. ఇన్నాళ్లూ జీతాలూ సెలవులూ మాత్రమే చూసిన సిస్టమ్‌కి హాజరు, పనితీరును అంచనా వేసే అప్రైజల్, నియామకాలు తగిలిస్తారు. లేదా ఇంకో కంపెనీని కొని, వాళ్ల ఉద్యోగులందర్నీ ఇందులోకి తెస్తారు. టెస్ట్ ప్లాన్ ఇమ్మంటే మనం ఏం చేస్తాం? కొత్త స్క్రీన్లు లెక్కపెట్టి, స్క్రీన్‌కి ఇన్ని కేసులని, అంటే పరీక్షలని, గుణించి, షీట్ పంపేస్తాం. టెంప్లేట్‌కి కొదవ లేదు. టెస్ట్ ప్లాన్‌లో ఏమేం ఉండాలో చెప్పే ఐ ట్రిపుల్ ఈ అనే ఇంజనీర్ల సంస్థ 829 ప్రమాణం 1983లోనే వచ్చింది. అయితే నేను చూసినంతలో ఇలాంటి విస్తరణల్లో కొత్త స్క్రీన్ పనిచేయక గొడవైన సందర్భాలు తక్కువే. నిన్నటిదాకా సరిగ్గా పడిన జీతం ఈ నెల తప్పు పడితే అప్పుడు చూడాలి గొడవ.

ఒక్క గడి తీసుకుందాం. చేరిన తేదీ. నియామకాల మాడ్యూల్‌లో, అంటే సిస్టమ్‌లో ఆ పని చూసే భాగంలో, ఆఫర్ ఇచ్చేటప్పుడు ఒక తేదీ వేస్తారు. మనిషి వారం ఆలస్యంగా చేరతాడు, తేదీ మారుస్తారు. అంతే కదా అనిపిస్తుంది. కానీ మొదటి నెల జీతం, సెలవుల జమ, ప్రొబేషన్ ముగిసే రోజు, బీమా మొదలయ్యే రోజు, సర్వీసు లెక్క, అన్నీ ఆ గడినే చూస్తుంటాయి. ఇదివరకు దాన్ని పేరోల్ వాళ్లు ఒక్కరే రాసేవాళ్లు. ఇప్పుడు ఇంకొకరు కూడా రాస్తున్నారు. జీతం లెక్క నడిచిపోయాక తేదీ మారితే ఏమవ్వాలి? ఈ ప్రశ్న స్క్రీన్ల జాబితాలో ఎక్కడా కనిపించదు. అందుకే నా ప్లాన్‌లో మొదటి పేజీ ఒక పటం: ఏ సమాచారాన్ని ఎవరు రాస్తారు, ఎవరెవరు చదువుతారు. రాసేవాళ్లు ఇద్దరున్న ప్రతిచోటా ఎర్ర చుక్క పెడతాను. టెస్టింగ్ గంటల్లో ఎక్కువ భాగం ఆ చుక్కలకే పోవాలి.

ఆ పటం డెవలపర్ల డాక్యుమెంట్లలో దొరకదు. ఒక ప్రాజెక్టులో పేరోల్ చూసే మేడమ్ దగ్గరికి వెళ్లి, "నెలాఖరున మీకు నిద్ర పట్టనివ్వని ఉద్యోగులు ఎవరండీ?" అని అడిగాను. ఆవిడ నవ్వి, కాగితం తీసుకుని పేజీన్నర రాసిచ్చారు. 31వ తేదీన చేరినవాడు. మానేసి, రెండేళ్ల తర్వాత తిరిగొచ్చిన మనిషి. నెల మధ్యలో వేరే శాఖకు బదిలీ అయినావిడ. ఫిబ్రవరిలో జీతం లేని సెలవు పెట్టినవాళ్లు. రాత్రి పదికి డ్యూటీ ఎక్కి ఉదయం ఆరుకు దిగే గార్డు, ఆయన హాజరు ఏ తేదీ కింద పడాలి? ప్రసూతి సెలవులో ఉండగా ఇంక్రిమెంట్ వచ్చినావిడ. ఇంటిపేరు గడిలో రాయడానికి ఏమీ లేని ఒంటిపేరు మనిషి. మేము అప్పటికే రాసుకున్న కేసుల్లో వీటిలో మూడో నాలుగో ఉన్నాయి, అంతే.

ఆ జాబితాలో ఆవిడ రెండు గీతలు గీసింది ఒకదాని కింద: వెనక తేదీ నుంచి వర్తించే జీతం పెంపు. ఏప్రిల్‌లో ఉత్తర్వు వస్తుంది, జనవరి నుంచి వర్తిస్తుంది. మూడు నెలల బకాయి కట్టాలి. మధ్యలో ఆ మనిషి సెలవు పెట్టి ఉంటే దాన్నీ తిరగలెక్కించాలి. ఫిబ్రవరిలో శాఖ మారి ఉంటే ఖర్చు ఎవరి పద్దులో వేయాలో చూడాలి. ఇది తప్పిపోతే ఏమవుతుందో కెనడా ప్రభుత్వం చూసింది. ఫీనిక్స్ అనే జీతాల సిస్టమ్‌ను వాళ్లు 2016 ఫిబ్రవరి, ఏప్రిల్ నెలల్లో రెండు విడతలుగా ప్రారంభించారు. సుమారు 2,90,000 మంది ఉద్యోగుల జీతాలు దాని మీదికి వచ్చాయి. చాలామందికి తక్కువ పడ్డాయి, కొందరికి ఎక్కువ పడ్డాయి, కొందరికి అసలు పడలేదు. 2018లో ఆ దేశపు ఆడిటర్ జనరల్ నివేదిక వచ్చింది. 984 ఫంక్షన్లలో 100కు పైగా తీసేశారనో, తర్వాత చూద్దామని పక్కన పెట్టారనో అందులో ఉంది. పక్కన పెట్టినవాటిలో వెనక తేదీ జీతాల లెక్క ఒకటి. ఒక శాఖలో ముందు పైలట్, అంటే చిన్న ఎత్తున ప్రయోగం, నడపాలనుకున్నారు. పైలట్‌ను వెనక్కి జరిపితే ప్రారంభ తేదీని కూడా వెనక్కి జరపాల్సి వస్తుందని, పైలట్‌నే రద్దు చేశారు. వాళ్లు తెలివితక్కువవాళ్లని నేను అనను. తేదీ మెడ మీద కూర్చున్నప్పుడు ఈ గదిలో ఉన్న మనమందరం అలాంటి నిర్ణయాల కింద సంతకాలు ఎప్పుడో ఒకసారి పెట్టినవాళ్లమే.

ఇక సమాంతరంగా నడపడం. పాత సిస్టమ్‌నీ కొత్తదాన్నీ ఒకే నెల జీతాలకు నడిపి, మనిషి మనిషికీ పోల్చి చూడటం. కనీసం రెండు నెలలు, వీలైతే మూడు. నడపడం ఒక రాత్రి పని. తేడాలకు కారణం చెప్పడానికి వారాలు పడుతుంది, ప్లాన్‌లో ఎవరూ రాయనిది ఆ వారాలే. ఒక తేడా చూడండి. ఒక భత్యం నెలకు 1,000. 30 రోజుల నెలలో 3 రోజులు జీతం లేని సెలవు. పాత సిస్టమ్ ముందు రోజు లెక్క తీసి రౌండ్ చేస్తుంది, 33.33. మూడు రోజులకు కోత 99.99. కొత్తది మూడుతో గుణించాక చివర్లో రౌండ్ చేస్తుంది, కోత 100. తేడా 0.01. ఎవరికి పట్టింది అంటారా? అకౌంట్స్ వాళ్లకి. అందరివీ కలిపాక బ్యాంకుకు వెళ్లిన మొత్తం పద్దుతో కలవకపోతే వాళ్లు మనల్ని ఇంటికి వెళ్లనివ్వరు. ఇందులో ఏది సరైనదో తేల్చడం టెస్టర్ పని కాదు, ఆ నిర్ణయం ఎవరిదో ప్లాన్‌లో పేరుతో సహా ఉండాలి. ఒక్కోసారి తమాషాగా, ఏళ్ల తరబడి పాత సిస్టమే తప్పు లెక్క వేస్తోందని అప్పుడు బయటపడుతుంది. దానికీ ఓ రెండు రోజులు పక్కన పెట్టుకోండి. టెస్టింగ్‌కి కాదు, మీటింగులకి.

టెస్ట్ డేటా విషయం. అసలు జీతాలు, బ్యాంకు ఖాతాలు, అనారోగ్య సెలవుల కారణాలు టెస్ట్ సర్వర్‌లో అలాగే పోసేయకూడదని అందరికీ తెలుసు. యూరప్‌లో జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2018 మే 25 నుంచి అమల్లో ఉంది, ఆరోగ్య వివరాలను అది ప్రత్యేకంగా కాపాడుతుంది. కాబట్టి మార్చేసిన డేటా వాడతాం. కానీ మార్చేటప్పుడు దాని ఆకారం చెడగొడతాం. పుట్టినరోజులన్నీ జనవరి 1 చేసేస్తే, నెల మధ్యలో రిటైరయ్యే మనిషి మీ డేటాలో ఉండడు. ఆ బగ్ నేరుగా అసలు సిస్టమ్‌లోకి వెళ్లి కూర్చుంటుంది.

టెస్ట్ సిస్టమ్ నుంచి బయటికి వెళ్లే మెయిళ్లు ఆపడం మర్చిపోకండి. నేను పనిచేసిన ఒకచోట మర్చిపోయాం. శుక్రవారం సాయంత్రం రాజీనామా ప్రక్రియ టెస్ట్ చేస్తుంటే, "మీ రాజీనామాను ఆమోదించాం" అని నిజం ఉద్యోగులకు మెయిళ్లు వెళ్లిపోయాయి. ఒకాయన ఆ వారమే వేరేచోట ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాడట. ఆయన టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఎవరు ఏం చూడగలరన్నదానికి ఒక్క మాట. చూడాల్సినవాళ్లకు కనిపిస్తోందా అని అందరూ టెస్ట్ చేస్తారు. బదిలీ అయిన మర్నాడు పాత మేనేజర్‌కి ఆ ఉద్యోగి జీతం ఇంకా కనిపిస్తోందా అన్నది కూడా చూడండి. అప్రైజల్ ఆఖరి రోజు సాయంత్రం అందరూ ఒకేసారి లాగిన్ అవుతారు కాబట్టి అంతమంది బరువును సిస్టమ్ మోస్తుందో లేదో చూసే లోడ్ టెస్ట్ ఆ గంటను అనుకరించాలి, మామూలు మంగళవారాన్ని కాదు.

తేదీల సంగతికొస్తే, ప్రాజెక్టు మొదటి రోజు నుంచి ముందుకు కాదు, జీతాల కటాఫ్ నుంచి, అంటే ఆ నెల లెక్కలోకి మార్పులు తీసుకునే ఆఖరి తేదీ నుంచి, వెనక్కి లెక్కేయండి. ఆర్థిక సంవత్సరం ముగిసే నెలలో ప్రారంభం పెట్టకండి, ఆ నెల పేరోల్ వాళ్లకి ఫోన్ ఎత్తే తీరిక కూడా ఉండదు. ప్రారంభానికి ఏ షరతులు తీరాలో టెస్టింగ్ మొదలవక ముందే రాసుకోండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ ఆరోగ్య శాఖ జీతాల సిస్టమ్ 2010 మార్చిలో మొదలైంది. మొదలవుతూనే జీతాలు తలకిందులయ్యాయి. 2013లో దాని మీద విచారణ కమిషన్ నడిచింది. అక్కడ టెస్టింగ్ దాటడానికి పెట్టుకున్న షరతుల్నే మధ్యలో సడలించి ముందుకెళ్లారు. షరతు సడలించాలంటే ఎవరి సంతకం కావాలి? నా ప్లాన్‌లో అది ప్రాజెక్టు మేనేజర్‌ది కాదు, పేరోల్‌ది.

ఇందాక చెప్పిన మేడమ్ మా ప్రాజెక్టులో ఒక నెల సంతకం పెట్టలేదు. సమాంతరంగా నడిపినప్పుడు పదకొండు మంది జీతాల్లో తేడా వచ్చింది, మా దగ్గర కారణం లేదు. పదకొండు మందే కదా, చేత్తో సరిచేద్దాం అన్నారు పైవాళ్లు. ఆవిడ పెన్ను మూత పెట్టేసి, "కారణం చెప్పండి, పెడతాను" అన్నారు. ప్రారంభం నెల వాయిదా పడింది. తొమ్మిది రోజులకు దొరికింది కారణం: ఆ పదకొండు మందీ మానేసి తిరిగొచ్చినవాళ్లు, కొత్త మాడ్యూల్ వాళ్ల పాత సర్వీసును కూడా కలిపి లెక్కేస్తోంది. ఆవిడ ఇచ్చిన పేజీన్నరలో రెండో పంక్తి అది.