మంచు మంచుగానే భూమికి చేరాలంటే

సభకు నమస్కారం.

2006 జనవరి 15న అమెరికాలోని యూటా ఎడారిలో దిగిన నాసా వారి స్టార్‌డస్ట్ యాత్ర క్యాప్సూల్ (నమూనాలను భూమికి దించే పెట్టె) వైల్డ్-2 అనే తోకచుక్క ధూళిని తెచ్చింది. అందులో గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం ఉన్నట్టు 2009లో ప్రకటించారు. తోకచుక్కలోని మంచు మాత్రం రాలేదు. సెకనుకు 6 కిలోమీటర్లకు పైగా వేగంతో ఏరోజెల్‌లోకి (ధూళిని పట్టేందుకు అమర్చిన అతితేలికైన, నురగలాంటి ఘనపదార్థంలోకి) దూసుకుపోయిన రేణువుల్లో మంచు మిగిలే వీలే లేదు.

మంచును తేవడమంటే కరగకుండా చూడటమేనని అనిపిస్తుంది. శూన్యంలో అది కరగకుండానే ఆవిరైపోగలదు. పైగా అతిశీతలంలో ఏర్పడిన మంచుకు స్ఫటికరూపం ఉండదు. దాని సందుల్లో చిక్కిన వాయువులు, సుమారు మైనస్ 135 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది స్ఫటికంగా మారేటప్పుడు బయటపడతాయి. ఇక నీరే అయిందంటే, పక్కనున్న ఖనిజాలతో చర్య జరిపి, తోకచుక్కలో పుట్టిన పదార్థమేదో మన పెట్టెలో పుట్టినదేదో తేల్చలేని చిక్కు తెస్తుంది.

ఇందులో అసలు గండం ఏళ్ల తరబడి సాగే అంతరిక్షయానం కాదని నా అభిప్రాయం. అక్కడ ఎండ పడకుండా నీడ కల్పించి, వేడిని శూన్యంలోకి వెదజల్లవచ్చు, శీతల యంత్రాన్ని నడపవచ్చు. మాతృనౌక నుంచి విడిపోయాక క్యాప్సూల్‌కు ఆ వసతులేవీ ఉండవు. స్టార్‌డస్ట్ సెకనుకు 12.9 కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి వచ్చింది. అలాంటప్పుడు ఉష్ణకవచం మంటను ఆపినా, దానిలో నిలిచిన వేడి నేలమీద దిగాక కూడా మెల్లగా లోపలికి పాకుతూనే ఉంటుంది. అందుకే నమూనా చుట్టూ కరుగుతూ వేడిని పీల్చుకొనే పదార్థాన్ని అమర్చాలంటారు. చేపల పెట్టెలో ఐసు చేసే పనే అది.

67పి తోకచుక్క కోసం ప్రతిపాదించిన సీజర్ యాత్ర ఇంకో దారి ఎంచుకుంది: ఆవిరయ్యేదాన్ని బలవంతంగా ఆపకుండా, నమూనాను నెమ్మదిగా వేడెక్కనిచ్చి, వెలువడిన వాయువులను వేరే పాత్రలో పట్టి, రెండింటినీ విడివిడిగా తేవడం. మంచు రూపం పోతుంది, దాని రసాయనం దక్కుతుంది. ఖర్చును తలచుకుంటే ఇది తెలివైన రాజీ అనే అంటాను. 2019లో నాసా దాన్ని కాదని, శనిగ్రహపు చందమామ టైటాన్‌కు వెళ్లే డ్రాగన్‌ఫ్లై యాత్రను ఎంపిక చేసింది.

క్యాప్సూల్ దిగినంత మాత్రాన పని తీరదు. 1972లో అపోలో 17 తెచ్చిన చంద్రశిలల్లో కొన్నింటిని భూమికి చేరాక గడ్డకట్టించి భద్రపరిచారు. 2022లో వాటిని తీసినప్పుడు హ్యూస్టన్‌లోని నాసా కేంద్రపు పరిశోధకులు మైనస్ 20 డిగ్రీల గదిలో, దళసరి కోట్లు తొడుక్కొని, గ్లవ్ బాక్సులో చేతులు పెట్టి పనిచేయవలసి వచ్చింది.