భుజంలో దించిన యాంకర్‌ను శరీరం ఎలా ఒప్పుకుంటుంది?

శ్రోతలకు నమస్కారం. కోనసీమలో కొబ్బరి దింపు తీసే కార్మికులు, రావులపాలెంలో అరటిగెలలు ఎత్తే కూలీలు, భీమవరం చుట్టుపక్కల చేపల చెరువుల్లో వలలు లాగేవారు నడివయసు దాటాక తరచు చెప్పుకునే బాధ ఒకటుంది. చెయ్యి తలకంటె పైకి లేవదు, రాత్రి ఆ పక్కకు ఒత్తిగిలి పడుకోనివ్వదు. ఇలా బాధపడేవారిలో కొందరికి భుజం కీలును చుట్టుకుని ఉండే రొటేటర్ కఫ్‌లో స్నాయుబంధనం, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ, చిరిగి ఉంటుంది. మందులతో, వ్యాయామంతో కుదుటపడనివారికి ఆపరేషన్ చేసి, ఆ చిరుగును తిరిగి ఎముకకు బిగించి కడతాము. అలా కట్టడానికి ఎముకలో దించే యాంకర్ అనే చిన్న వస్తువును శరీరం ఎలా ఒప్పుకుంటుంది, ఎప్పుడు ఒప్పుకోదు అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

రొటేటర్ కఫ్‌లో నాలుగు కండరాలు ఉన్నాయి. వాటిలో అన్నిటికంటె పైన ఉండే సుప్రాస్పైనేటస్ కండరపు స్నాయుబంధనమే ఎక్కువగా చిరుగుతుంది. అమెరికాలోని బోస్టన్ నగరంలో 1909లో కాడ్‌మన్ అనే శస్త్రవైద్యుడు దీనికి మరమ్మతు చేసి, ఆ వివరాలను 1911లో ప్రచురించారు. ఇప్పుడు ఆర్థ్రోస్కోప్‌తో, అంటే సన్నని గొట్టం చివర కెమెరా ఉన్న పరికరంతో, చిన్న రంధ్రాల గుండానే ఈ పని చేయగలుగుతున్నాము. యాంకర్‌ను అరచేతిలో పెట్టుకుని చూస్తే సుమారు ఐదు మిల్లీమీటర్ల లావు, ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవు ఉన్న మరమేకులా ఉంటుంది. దాని కన్నంలో నుంచి రెండు రంగుల గట్టి పాలిథీన్ దారాలు వేలాడుతుంటాయి. మేకు ఎముకలోకి దిగుతుంది, దారాలు చిరిగిన అంచును ఎముక మీదికి లాగి పట్టుకుంటాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ అంచు ఎముకతో ఒక మాదిరిగా అతుక్కోవడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఆ అతుకు పూర్తి బలం పుంజుకోవడానికి మరికొన్ని నెలలు కావాలి. యాంకర్ అవసరం అంతవరకే. అవసరం తీరిన తర్వాత కూడా, లోహపు యాంకరైతే అది మనిషి బ్రతికినంత కాలం లోపలే ఉండిపోతుంది. కొన్ని నెలల పనికి జీవితకాలపు బస అన్నమాట. జీవ అనుకూలత అనే ప్రశ్న అంతా ఈ వ్యత్యాసం నుంచే పుడుతుంది.

1986లో ఇంగ్లండులోని చెస్టర్ పట్టణంలో ఈ రంగపు నిపుణులు సమావేశమై జీవ అనుకూలతకు ఒక నిర్వచనం ఖాయం చేశారు. దాని సారాంశం ఏమిటంటే, ఒక పదార్థం ఒక నిర్దిష్టమైన అవసరానికి వాడినప్పుడు, శరీరంలో తగిన స్పందన కలిగిస్తూ తన పని తాను నెరవేర్చాలి. శరీరం అసలు స్పందించకూడదని ఎవరూ అనలేదు. ఆపరేషన్ తర్వాత తొలి వారంలో వచ్చే వాపు గాయం మానడంలో మొదటి మెట్టు; అది లేకపోతే అతుకు మొదలే కాదు. ఆ వాపు తగ్గవలసిన సమయానికి తగ్గకుండా, పదార్థం వల్లనే రగులుతూ ఉంటే అప్పుడు ఆందోళన పడాలి.

అంబాజీపేట ప్రాంతపు దింపు కార్మికుడొకరు ఆపరేషన్‌కు ముందు నన్ను, "లోపల తుప్పట్టదాండీ?" అని అడిగారు. అది ఎంతో తెలివైన ప్రశ్న అని నేను భావిస్తాను, ఎందుకంటే మన రక్తంలో ఉప్పు ఉంది, ఉప్పునీరు ఇనుమును ఏం చేస్తుందో సముద్రపు గాలికి కిటికీ ఊచలు తినేసిన ఇళ్లవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. టైటానియం సంగతి వేరు. దాని ఉపరితలం గాలి తగిలిన వెంటనే నానోమీటర్ల మందంలో ఒక ఆక్సైడ్ పొరను తొడుక్కుంటుంది, ఆ పొర గీసుకుపోయినా మళ్లీ దానంతట అదే ఏర్పడుతుంది. ఎముక కూడా టైటానియానికి గట్టిగా అంటుకుంటుందని 1950లలో స్వీడన్ శాస్త్రవేత్త బ్రానెమార్క్ కుందేళ్ల మీద చేసిన ప్రయోగాల్లో తెలిసింది. పళ్ల ఇంప్లాంట్లకు మూలం అదే. ఇంప్లాంట్లకు వాడే స్టెయిన్‌లెస్ స్టీలులో మాత్రం పది శాతానికి పైగా నికెల్ ఉంటుంది. గిల్టు నగ పెట్టుకుంటే చర్మం దురద పెట్టి పొక్కేవారు ఆ సంగతి తప్పక డాక్టరుతో చెప్పాలి. టైటానియం యాంకర్ ఉన్నవారికి ఎం.ఆర్.ఐ. తీయవచ్చు కాని, యాంకర్ చుట్టూ చిత్రం కొంత చెదురుతుంది. నా దృష్టిలో లోహంతో వచ్చే అసలు చిక్కు రసాయనికమైనది కాదు. యాంకర్ వదులై బయటికి తోసుకువస్తే కీలులోని మృదులాస్థిని గీరేస్తుంది.

అందుకే, పని అయ్యాక కరిగిపోయే యాంకర్లు వచ్చాయి. ఆలోచన ఎంతో బాగుంది, ఆచరణలోనే కష్టం కనిపించింది. మొదట వాడిన పాలీగ్లైకాలిక్ ఆమ్లం మరీ తొందరగా, కొన్ని వారాలకే బలం కోల్పోయేది. అతుకు గట్టిపడకముందే పట్టు సడలేది. తరువాత వచ్చిన పాలీల్యాక్టిక్ ఆమ్లం నెమ్మదిగా కరుగుతుంది, దానిలో ఒక రకానికి ఏళ్లకు ఏళ్లు పడుతుంది. ఇది నీటి చర్యతో విడిపోయి ల్యాక్టిక్ ఆమ్లం అవుతుంది. శ్రమ చేసినప్పుడు మన కండరాల్లో పుట్టేదీ అదే కాబట్టి, శరీరం దాన్ని చివరికి కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మార్చి పంపేయగలదు. అయితే రక్తం తీసుకుపోగలిగిన దానికంటె వేగంగా ఆమ్లం పుట్టి ఒకేచోట నిలిచిందంటే, యాంకర్ చుట్టూ ఎముక కరిగి బొక్క పడుతుంది, ద్రవం చేరుతుంది, కీలు పొర వాస్తుంది. దీనికి విరుగుడుగా, ఎముకలోని ఖనిజానికి దగ్గరగా ఉండే ట్రైకాల్షియం ఫాస్ఫేట్ వంటి పదార్థాన్ని ఇప్పుడు కలుపుతున్నారు. అది ఆమ్లపు పులుపును కొంత విరిచి, ఖాళీ అయిన చోట కొత్త ఎముక పెరగడానికి ఆధారమిస్తుంది.

పీక్ అనే ప్లాస్టిక్ యాంకర్ తుప్పు పట్టదు, కరగదు, ఎం.ఆర్.ఐ. చిత్రాన్ని చెదరగొట్టదు, కాని ఎముక దానికి అంటుకోదు. కేవలం దారంతోనే చేసిన యాంకర్లు కూడా వచ్చాయి, వాటికి చిన్న రంధ్రం చాలు. ఖరీదు ఎక్కువైన యాంకర్ వేస్తే భుజం మరింత బాగా అతుకుతుందని మాత్రం అనుకోవద్దు. లోహపు యాంకర్లనూ కరిగే వాటినీ పోల్చి చూసిన అధ్యయనాల్లో రోగికి కలిగిన ఫలితం మొత్తం మీద దాదాపు ఒకే విధంగా ఉంది.

పెద్ద చిరుగులకు మాసికగా వేసే పదార్థాల చరిత్రలో ఒక హెచ్చరిక ఉంది. పంది చిన్నప్రేగు పొరతో తయారైన ఒక మాసిక కొందరి భుజాల్లో సూక్ష్మజీవి ఏదీ లేకుండానే తీవ్రమైన వాపు కలిగించింది. అమెరికా ఎముకల వైద్యుల అకాడమీ 2010 మార్గదర్శకాల్లో దాన్ని వాడవద్దని సూచించింది. జంతువుల నుంచి తీసిన పదార్థం వాడుతున్నారా, అయితే ఏ జంతువుది అని ముందే అడగడం రోగి హక్కు.

పదార్థం గురించి ఎంత చెప్పుకున్నా, మిగతా సగం శరీరానిది. గట్టు మీద గేదెను కట్టే గుంజ ఎంత మంచిదైనా, నేల నానిపోయి ఉంటే నిలవదు. వయసు మీరి ఎముక గుల్లబారినవారిలో యాంకర్ పట్టు కూడా అలాంటిదే. మధుమేహం అదుపులో లేనివారికి, చుట్ట, బీడీ మాననివారికి అతుకు ఆలస్యమవుతుంది, మళ్లీ చిరిగే అవకాశం పెరుగుతుంది. ఇటువంటి భుజంలో అతుకు విఫలమైతే "ఒంటికి మేకు పడలేదు" అని మేకునొక్కదాన్నే నిందించడం సరికాదు.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకు నొప్పి, బిగుసుకుపోవడం తిరిగి మొదలైనప్పుడు కూడా తొందరపడి అలా నిర్ధారించకూడదు. భుజం చర్మంలో సహజంగా ఉండే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి జ్వరం గాని, చీము గాని లేకుండానే లోపల స్థిరపడగలదు. అది ఎంత నిదానంగా పెరుగుతుందంటే, ల్యాబ్‌లో కల్చర్‌ను, అంటే సూక్ష్మజీవి పెరుగుతుందేమోనని ఉంచే నమూనాను, సుమారు రెండు వారాలు ఉంచి చూడాలి. మూడు రోజులకే ఏమీ లేదని తేల్చేస్తే అసలు కారణం జారిపోతుంది.

శరీరంలో ఉంచే పదార్థాల పరీక్షలకు ఐ.ఎస్.ఓ. 10993 అనే అంతర్జాతీయ ప్రమాణాల వరుస ఉంది. కణాలకు విషమా, అలర్జీ కలిగిస్తుందా, చుట్టూ ఉన్న కణజాలం ఎలా మారుతుంది అన్నవి అందులో భాగాలు. మన దేశంలో 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు 2018 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి; అవి పరికరాలను ప్రమాద స్థాయిని బట్టి నాలుగు తరగతులుగా విభజించాయి. యాంకర్ పెట్టె మీద తయారీదారు పేరు, పదార్థం, లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన వాటికి ఇచ్చే సంఖ్య) ఉన్న అంటుకాగితం ఉంటుంది. దాని ప్రతిని డిశ్చార్జి కాగితాలకు అంటించమని అడిగి తీసుకోండి. గోదావరికి వరద వచ్చి ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే కాగితాలు తడిసిపోతాయి కాబట్టి, ఫోనులో ఒక ఫోటో కూడా తీసి ఉంచుకోండి. ఎప్పుడైనా ఎం.ఆర్.ఐ.కి వెళ్లినా, మరో ఊళ్లో డాక్టరుకు చూపించుకున్నా మొదట కావలసింది అదే. పరికరం వల్లనే హాని జరిగిందని అనుమానం వస్తే, 2015లో మొదలై, ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ సమన్వయం చేస్తున్న మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి, అంటే వైద్య పరికరాల వల్ల కలిగే హానిని నమోదు చేసే వ్యవస్థకు, ఫిర్యాదు పంపవచ్చు. డాక్టరే కాదు, రోగి కూడా పంపవచ్చు. అయితే ఆ ఫిర్యాదులో లాట్ నంబరు ఉంటేనే, అదే లాట్‌లోని యాంకర్ వేయించుకున్న మిగతావారిని వెతికి పట్టుకోవడానికి వీలవుతుంది.