పుట్టుకే నేరమైన 81 ఏళ్లు: స్టువర్టుపురం అసలు కథ

[తెర మీద: స్టువర్టుపురం స్టేషన్ పసుపు బోర్డు. రైలు ఆగకుండా వెళ్లిపోతుంది.]

విజయవాడ నుంచి చెన్నై వైపు రైలెక్కితే, బాపట్ల దాటాక, చీరాల రాకముందే ఒక చిన్న స్టేషన్ వస్తుంది. స్టువర్టుపురం. చాలా రైళ్లు అక్కడ ఆగవు. కానీ ఆ పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. బళ్లో ఎవరైనా పెన్సిల్ కొట్టేస్తే "నీదేమన్నా స్టువర్టుపురమా?" అని వెక్కిరించేవాళ్లు. ఆ ఊరి పేరు మీద సినిమాలొచ్చాయి, నవలలొచ్చాయి. పోలీసు కథల్లో ఆ ఊరు లేకపోతే రుచి ఉండేది కాదు.

అందరికీ తెలిసిన ఆ ఊరు అక్కడికి ఎలా వచ్చిందో అడిగినవాళ్లు మాత్రం బహు తక్కువ. ఒకప్పటి గుంటూరు జిల్లా పల్లెకు ఒక తెల్లదొర పేరు ఎందుకుంది? అందులో ఉన్నవాళ్లు ఎక్కడివాళ్లు? వాళ్లంతట వాళ్లే వచ్చారా, తెచ్చి పెట్టారా?

తెచ్చి పెట్టారు. చట్టం ప్రకారం, కాపలా పెట్టి మరీ.

[తెర మీద: 1871]

1871 అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చింది. మన పుస్తకాల్లో దీన్ని నేరస్థ జాతుల చట్టం అంటారు. మొదట ఉత్తర భారతంలో అమలు చేశారు, ఆ తర్వాత బెంగాల్‌కు, 1911లో కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీతో సహా దేశమంతటికీ పాకించారు. 1924లో మళ్లీ బిగించారు.

దీని వెనక వాదన వినండి. ఈ దేశంలో వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతున్నాడు, నేతగాడి కొడుకు నేతగాడు అవుతున్నాడు. అలాగే తరతరాలుగా దొంగతనమే వృత్తిగా ఉన్న కులాలు కూడా ఉండి తీరాలి. ఇంతే. కులం గురించి పైపైన విన్న నాలుగు ముక్కలను శాస్త్రం అనుకుని, దాని మీద శిక్షాస్మృతి కట్టారు. ఇది నమ్మడానికి తెల్లవాళ్లకు పెద్ద కష్టం కాలేదు. నిజం చెప్పాలంటే మనవాళ్లకూ కాలేదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ప్రభుత్వం గెజిట్‌లో "ఫలానా జాతి నేరస్థ జాతి" అని ఒక ప్రకటన వేస్తుంది. అంతే, పని అయిపోయింది. ఆ ప్రకటన తప్పని ఏ కోర్టుకూ వెళ్లే వీల్లేదు, ఆ సంగతి చట్టంలోనే రాసి పెట్టారు. ఆ రోజు నుంచి ఆ కులంలో పుట్టిన మనిషి ఏ తప్పూ చేయకపోయినా రిజిస్టర్‌లోకి ఎక్కొచ్చు. వేలిముద్రలు ఇవ్వాలి. చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. ఇల్లు మారితే చెప్పాలి. పొరుగూరు వెళ్లాలంటే పాసు తీసుకోవాలి.

[తెర మీద: ఒక పాసు నమూనా. పేరు, తండ్రి పేరు, జాతి, వెళ్లే చోటు, గడువు.]

ఈ కాగితాన్ని ఒక్కసారి దగ్గర నుంచి చూడండి. ఒక ఎరుకల తల్లి తన కూతురు పురుడు పోసుకుంటోందని పక్క ఊరు బయల్దేరిందనుకోండి. ముందు పాసు కావాలి. పాసు ఇచ్చే మనిషి ఊళ్లో ఉండాలి, ఆయనకు తీరిక ఉండాలి, దయ కలగాలి. దొరికిన పాసులో ఎక్కడికి, ఎన్నాళ్లకు అని రాసి ఉంటుంది. గడువు దాటితే నేరం. చెప్పిన ఊరు కాక ఇంకో ఊళ్లో కనపడినా నేరమే. పురుడు ఆలస్యమైందంటే చట్టానికి పట్టదు.

ఇంకా ఉంది. మామూలు మనిషి ఇళ్లలో దొంగతనం చేస్తే నేరాన్ని బట్టి జడ్జి శిక్ష వేస్తాడు. ఈ జాతుల మనిషికైతే కొన్ని నేరాల్లో రెండోసారి దొరికితే కనీసం 7 ఏళ్లు. మూడోసారైతే యావజ్జీవ ద్వీపాంతరవాసం. పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసేసి సంస్కరణ పాఠశాలల్లో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి ఇచ్చారు. అమ్మానాన్నల సావాసం పిల్లల్ని చెడగొడుతుందట!

మన ప్రాంతంలో ఎవరెవరు ఈ జాబితాల్లోకి వచ్చారు? ఎరుకలవాళ్లు, సుగాలీలు, దొమ్మరలు, నక్కలవాళ్లు. కొన్నిచోట్ల యానాదులు. వీళ్లలో చాలామందికి ఉమ్మడిగా ఉన్నది దొంగతనం కాదు, తిరుగుడు బతుకు. ఒక చోట ఇల్లూ పొలమూ లేకపోవడం. పన్ను కట్టేవాణ్ణి ప్రభుత్వం లెక్క పెట్టుకోగలదు, తిరిగేవాణ్ణి ఎలా లెక్క పెడుతుంది? అనుమానం అక్కడే మొదలైంది.

ఎరుకలవాళ్ల సంగతే తీసుకోండి. రైళ్లు రాకముందు కోస్తా ఉప్పు లోపలి జిల్లాలకు ఎలా వెళ్లేదనుకుంటున్నారు? గాడిదల మీద, ఎద్దుల మీద గోతాలు వేసుకుని వీళ్లు మోసేవాళ్లు. ఉప్పు ఇచ్చి ధాన్యం తెచ్చేవాళ్లు. అదొక వ్యాపారం, తరాల నుంచి సాగిన నమ్మకం. సుగాలీలు ఎద్దుల మందలతో ఇంకా పెద్ద ఎత్తున, సైన్యాలకు కూడా ధాన్యం మోశారు. రైలు పట్టాలు పడ్డాయి, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం గట్టిపడింది. వ్యాపారం కూలింది. వెదురు తెచ్చుకుని బుట్టలు అల్లుకుందామంటే 1882లో మద్రాసు అడవుల చట్టం వచ్చింది. అడవిలోకి వెళితే అదీ నేరమే. మధ్యలో 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు.

దొంగతనాలు అసలు జరగలేదని నేను అనను. జరిగాయి. కడుపు కాలిన ఏ కులంలోనైనా జరుగుతాయి. అయితే చేసినవాడికి శిక్ష వేయడం ఒకటి, వాడి కులంలో రేపు పుట్టబోయే పసికందును కూడా రిజిస్టర్‌లో రాయడం ఇంకొకటి.

[తెర మీద: గుంటూరు జిల్లా పాత మ్యాప్. బాపట్ల, చీరాల.]

ఇక స్టువర్టుపురం. సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థను మన పల్లెల్లో రక్షణ సైన్యం అంటారు. మన దేశంలో ఆ సంస్థ నాయకుడు ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఈ జాతులను ముద్దుగా "క్రిమ్స్" అనేవాడు. అంటే క్రిమినల్స్‌కు పొట్టి పేరు. వీళ్లను బాగు చేసే బాధ్యత మాకివ్వండి అని ప్రభుత్వాన్ని అడిగాడు. ప్రభుత్వానికి పోలీసు ఖర్చు తగ్గుతుంది, సంస్థకు మనుషులు దొరుకుతారు. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సెటిల్‌మెంట్, అంటే ఈ జాతులను నిఘాలో ఉంచే కాలనీ, వెలిసింది. మద్రాసు గవర్నర్ కార్యనిర్వాహక మండలిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ దింపారు.

ఇలాంటివి మరికొన్ని చోట్ల కూడా వెలిశాయి. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ నడిపినది ఒకటి. బెజవాడకు ఆనుకుని సీతానగరంలో ఒకటి, పక్కనే రాళ్ల క్వారీ. "పక్కనే" అన్న ఈ మాట మీద కాస్త ఆగాలి.

ఎందుకంటే సెటిల్‌మెంట్లు ఎక్కడ పెట్టారో చూస్తే అవి ఎవరికోసమో కూడా తెలుస్తుంది. సీతానగరం పక్కన క్వారీ. స్టువర్టుపురానికి కూతవేటు దూరంలో చీరాల, అక్కడ ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీ. మేలురకం ఆకు వేరు చేయడానికి, కట్టలు కట్టడానికి చేతులు కావాలి, అదీ చౌకగా. సెటిల్‌మెంట్ నుంచి కూలీలు వెళ్లారు. ఏ కంపెనీకైనా ఇంతకంటే నమ్మకమైన కూలీ దొరుకుతాడా? జీతం నచ్చక ఊరు విడిచి పోతే, ఆ పోవడమే నేరం. పాసు లేదుగా! చట్టాన్ని దొంగల్ని ఆపడానికి రాశామన్నారు. తీరా చూస్తే అది కూలీల్ని కదలకుండా ఆపడానికి బాగా పనికొచ్చింది.

రక్షణ సైన్యం బడి పెట్టింది, మందులిచ్చింది. అది కాదనలేం, ఆ బడిలో చదువుకుని పైకొచ్చిన కుటుంబాలున్నాయి. కాకపోతే బడికి వెళ్లే పిల్లవాడి తండ్రి సాయంత్రం హాజరు పట్టీలో తన పేరు పిలిచేదాకా నిలబడాలి. రెండూ ఒకే ఊళ్లో, ఒకే వాడలో జరిగాయి.

అందరూ నోరు మూసుకుని ఊరుకోలేదు. మధురై దగ్గర పెరుంగామనల్లూరులో పిరమలై కళ్లర్లు వేలిముద్రలు ఇవ్వబోమని తిరగబడ్డారు. 1920 ఏప్రిల్ 3న పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది చనిపోయారు, వాళ్లలో ఒక మహిళ కూడా ఉంది. జలియన్‌వాలాబాగ్ జరిగి ఏడాది కూడా నిండలేదు. ఆ పేరు మనకు తెలుసు, ఈ పేరు మనలో ఎంతమందికి తెలుసు? నన్నడిగితే దీనికి కారణం ఒకటే. జలియన్‌వాలాబాగ్‌లో చనిపోయినవాళ్లను మనవాళ్లు అనుకున్నాం.

[తెర మీద: "ఇందులో మన వాటా"]

ఇందాక వాయిదా వేసిన మాట ఇది. ఈ కథను చాలామంది "బ్రిటిష్‌వాళ్ల దుర్మార్గం" అని ముగించేస్తారు. అది సగమే. చట్టం చదవండి. రిజిస్టర్‌లో ఉన్న మనిషి ఊళ్లోంచి మాయమైనా, అనుమానంగా తిరిగినా పోలీసులకు చెప్పాల్సిన బాధ్యత ఊరి పెద్ద మీద, తలారి మీద, ఆ భూమి గలవాళ్ల మీద పెట్టారు. ఈ మునసబు తెల్లవాడు కాదు, ఈ తలారి తెల్లవాడు కాదు. రాత్రిపూట తలుపు తట్టి హాజరు చూసింది మన పోలీసే. ఊళ్లో చెంబు పోతే నేరుగా ఆ గుడిసెల వైపు వేలు చూపించింది మన తాతలే. చట్టం లండన్‌లో పుట్టిన బుర్రల్లోది కావచ్చు, అది 81 ఏళ్లు నడిచింది మాత్రం మన ఊళ్ల సహకారంతో.

స్వాతంత్ర్యోద్యమానికి ఈ సంగతి తెలియక కాదు. 1936లో జవహర్‌లాల్ నెహ్రూ మన నెల్లూరులోనే మాట్లాడుతూ ఈ చట్టం రాక్షసమైనదని, పౌర హక్కులకే విరుద్ధమని, ఏ జాతినీ జాతిగా నేరస్థులు అనకూడదని అన్నాడు. ఆ నెల్లూరు జిల్లాలోనే వెన్నెలకంటి రాఘవయ్య యానాదుల కోసం ఏళ్ల తరబడి తిరిగాడు.

మద్రాసు ప్రెసిడెన్సీ 1947లో ఈ చట్టాన్ని రద్దు చేసింది. దేశం మొత్తం మీద? 1947 ఆగస్టు 15న జెండా ఎగిరింది. చట్టం ఉంది. 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, చట్టం ముందు అందరూ సమానమేనని 14వ అధికరణం చెప్పింది. చట్టం ఇంకా ఉంది. మన తిరుచానూరువాడైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షతన 1949లోనే కమిటీ వేశారు. ఆ తర్వాతి కాలంలో లోక్‌సభ స్పీకర్ అయింది ఆయనే. రద్దు చేయమని కమిటీ చెప్పింది. చివరికి 1952 ఆగస్టు 31న పోయింది. స్వాతంత్ర్యం వచ్చి 5 ఏళ్ల 16 రోజులకు. అందుకే ఈ జాతులవాళ్లు ఆగస్టు 31ని విముక్తి దినంగా జరుపుకుంటారు.

అయితే కమిటీ ఇంకో మాట కూడా అంది. కులంతో పని లేకుండా, అలవాటుగా నేరాలు చేసేవాళ్ల కోసం ఒక చట్టం ఉండాలంది. వినడానికి న్యాయంగానే ఉంది. మద్రాసు అప్పటికే 1948లో అలాంటిది తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1962లో హ్యాబిచ్యువల్ అఫెండర్స్ యాక్ట్ తెచ్చింది. మళ్లీ రిజిస్టర్లు, మళ్లీ నిఘా. జాతి పేరు తీసేశారు. కానీ పాత రిజిస్టర్ చేతిలో ఉన్న స్టేషన్‌లో కొత్త రిజిస్టర్ నింపమంటే ఎవరి పేర్లు ముందు ఎక్కుతాయి? ఈ చట్టాలను ఎత్తేయాలని జాతీయ మానవ హక్కుల సంఘం 2000లో చెప్పింది. 2007లో ఐక్యరాజ్యసమితి కమిటీ కూడా చెప్పింది.

మాట వరసకు కాదు, ప్రాణాలే పోయాయి. 1998లో పశ్చిమ బెంగాల్ పురూలియాలో బుధన్ సబర్ అనే యువకుడు, ఒకప్పుడు నేరస్థ జాతిగా ముద్ర పడిన ఖేరియా సబర్ తెగవాడు, పోలీసు కస్టడీలో చనిపోయాడు. కలకత్తా హైకోర్టు ఆయన భార్యకు పరిహారం ఇవ్వమని ఆదేశించింది. ఆయన మీద మొట్టమొదటి అనుమానం ఆయన పుట్టిన జాతే.

స్టువర్టుపురంలో 1970లలో లవణం, హేమలత లవణం దంపతులు అడుగుపెట్టారు. లవణం నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు, హేమలత గుర్రం జాషువా కూతురు. గబ్బిలంతో శివుడికి మొర పెట్టించిన కవి కూతురు ఆ ఊరు వెళ్లడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు. నేరం మానుకుని బతకాలనుకున్నవాళ్లకు పని, పెళ్లి, పిల్లల చదువు చూసే పని పెట్టుకున్నారు. ప్రభుత్వం పోలీసును పంపిన చోటికి వీళ్లు వెళ్లి పక్కన కూర్చున్నారు. ఆ ఊరి మీద సినిమా తీసేవాళ్లకు మాత్రం ఈ భాగం అంత మసాలాగా ఉండదేమో.

[తెర మీద: 2024 అక్టోబరు 3, సుప్రీంకోర్టు]

ఇప్పటి సంగతి చెప్పి ఆపుతాను. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు జైళ్లలో కుల వివక్ష మీద తీర్పు ఇచ్చింది. జైలులో ఊడ్చే పని ఎవరికి, వంట పని ఎవరికి అని కులం చూసి పంచుతున్నారన్నది కేసు. అందులో భాగంగా రాష్ట్రాల జైలు మాన్యువళ్లను తిరగేస్తే, "సంచార జాతులు", "నేరస్థ జాతులు" అన్న మాటలు ఇంకా నిబంధనల్లో కనిపించాయి. ఆంధ్రప్రదేశ్ 1979 జైలు నిబంధనలు కూడా ఆ తీర్పులో ప్రస్తావనకు వచ్చాయి. గమనించండి, 1979. రద్దు జరిగి 27 ఏళ్లయ్యాక రాసుకున్న నిబంధనలు, తెల్లవాళ్లెవరూ లేని ఆఫీసులో కూర్చుని రాసినవి.

జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమని కోర్టు చెప్పింది. విముక్త జాతులవాళ్లను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకుండా చూడమని పోలీసులకు విడిగా ఆదేశమిచ్చింది.