చంటిబిడ్డల ఐసీయూలో తొలి ఉద్యోగం: ఇన్‌ఛార్జ్ సిస్టర్ భయం ఏమిటి?

నమస్కారం. మొన్న రాత్రి ఒక చెల్లెలు ఫోన్ చేసింది. జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు పూర్తయి నాలుగు నెలలైందట. "అక్కా, ఎన్‌ఐసీయూలో, అదే చంటిబిడ్డల ఐసీయూలో, పని చేయాలని చదువుకునే రోజుల నుంచీ కోరిక. ఎక్కడికి వెళ్లినా అనుభవం ఉందా అంటున్నారు. ఎవరూ తీసుకోకపోతే అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడిగింది. అడుగుతుంటే గొంతు వణికింది. కొన్నేళ్ల క్రితం నేనూ ఇదే ప్రశ్న మా అమ్మ ముందు ఏడుస్తూ అడిగాను.

ఒక్కసారి ఇన్‌ఛార్జ్ సిస్టర్ కుర్చీలో కూర్చుని చూడండి. ఆవిడ వార్డులో, బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ మీద కిలో రెండు వందల గ్రాముల బిడ్డ ఉంది. ఆ బిడ్డ ఒంట్లోని రక్తమంతా కలిపినా వంద మిల్లీలీటర్లకు కాస్త అటూ ఇటూ, చిన్న టీ గ్లాసు నిండేంత. కొత్త అమ్మాయి ఎదుట నిలబడగానే ఆవిడకు వచ్చే సందేహం ఒక్కటే. రాత్రి మూడు గంటలకు ఈ పిల్ల ఆ బిడ్డ పక్కన ఉంటే, తెలియనిది నన్ను లేపి అడుగుతుందా, లేక తోచినట్టు చేసేస్తుందా? "అనుభవం కావాలి" అన్న మాటలో ఉన్నది ఈ భయమే.

నా మొదటి ఇంటర్వ్యూ చెబుతాను. బిడ్డ బరువు 1.2 కిలోలు, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున డాక్టర్ రాశారు, ఎంత తీస్తావు అని అడిగారు. ఆరు మిల్లీగ్రాములు, అంటే 0.6 మిల్లీలీటరు అని టక్కున చెప్పాను. సిస్టర్ మాట్లాడకుండా సొరుగులోంచి వయల్, అంటే ఇంజెక్షన్ మందు సీసా, తీసి నా చేతిలో పెట్టారు. దాని మీద 2 మిల్లీలీటర్లలో 80 మిల్లీగ్రాములు అని ఉంది. నేను లెక్క వేసింది పిల్లల వయల్‌కు, 2 మిల్లీలీటర్లలో 20 మిల్లీగ్రాములు ఉండేదానికి. చేతిలో ఉన్నదాంట్లోంచి 0.6 తీస్తే బిడ్డకు 24 మిల్లీగ్రాములు వెళ్లిపోతాయి, నాలుగింతలు. ఆ మందు ఎక్కువైతే మూత్రపిండాలూ వినికిడీ దెబ్బతింటాయి. తీయాల్సింది 0.15. "లెక్క వచ్చమ్మా నీకు. ఏ వయల్ అని అడగడమే రాలేదు" అన్నారావిడ. ఉద్యోగం రాలేదు. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఇప్పుడు నేనూ కొత్తవాళ్లను ఇదే ప్రశ్న అడుగుతాను.

తర్వాత మరో ఆస్పత్రిలో బాలింతల వార్డులో చేరాను. కోరుకున్నది ఒకటి, దొరికింది ఒకటి అని బంధువులు జాలిపడ్డారు. కానీ చంటిబిడ్డను చూడటం నాకు వచ్చింది అక్కడే. బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలని పుస్తకంలో చదివాం కదా. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే బిడ్డ చలికి లోనవుతోందని వేళ్లకు తెలియాలంటే వందల బిడ్డలను ముట్టుకోవాలి. నిన్న గట్టిగా పాలు తాగిన బిడ్డ ఈ రోజు చప్పరించి వదిలేస్తుంటే, ఆ తేడా ముందుగా పట్టుకోవాల్సింది నర్సే.

అక్కడ ఒక పని పట్టుబట్టి చేశాను. ఏ బిడ్డను ఎన్‌ఐసీయూకు తరలించినా నేనే తీసుకెళతానని అడిగేదాన్ని. అప్పగించగానే వెనక్కి పరుగెత్తకుండా, వాళ్లు ఏం అడుగుతున్నారో వినేదాన్ని. ఎన్ని వారాలకు పుట్టింది, మూత్రం పోసిందా, చివరిసారి పాలు ఎప్పుడు పట్టారు, చక్కెర ఎంత ఉంది, విటమిన్ కె ఇచ్చారా? మరుసటి సారి ఇవన్నీ ముందే రాసుకుని వెళ్లాను. ఎనిమిది నెలలకు అక్కడ ఖాళీ వచ్చినప్పుడు, ఎన్‌ఐసీయూ సిస్టరే మా వార్డుకు వచ్చి నన్ను అడిగారు.

లేబర్ రూమ్ డ్యూటీ దొరికినా వదులుకోకండి. పుట్టిన తొలి నిమిషంలో ఏడవని బిడ్డకు ఊపిరి అందించడం అక్కడ కళ్లారా చూస్తారు. నవజాత శిశువుల పునరుజ్జీవన శిక్షణ, మనం ఎన్‌ఆర్‌పీ అంటామే, దానికి తప్పకుండా వెళ్లండి. బొమ్మ మీదైనా మాస్కు పట్టే చేతికి పట్టు కుదరాలి. జిల్లా ఆస్పత్రుల్లో నవజాత శిశు ప్రత్యేక సంరక్షణ కేంద్రాలు, ఎస్‌ఎన్‌సీయూలు, ఉన్నాయి. వాటిలో స్టాఫ్ నర్సు పోస్టులకు జిల్లాల వారీగా ప్రకటనలు వస్తుంటాయి, చూస్తూ ఉండండి. బిడ్డ ముఖం చూపించకుండా సర్టిఫికెట్ చేతిలో పెట్టే కోర్సులకు మాత్రం అమ్మానాన్నల డబ్బు పోయకండి. ఉద్యోగంలో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, వాళ్ల దగ్గర వదిలి రాకండి.

ఇంటర్వ్యూలో ఆక్సిజన్ గురించి అడిగితే నెమ్మదిగా చెప్పండి. నెలలు నిండని బిడ్డకు ఆక్సిజన్ పెట్టి, మానిటర్ మీద రక్తంలో ఆక్సిజన్ 100 శాతం కనిపిస్తే కొత్తవాళ్లు సంతోషిస్తారు. నాకు మాత్రం గుండె జారుతుంది. ఆ బిడ్డలకు 90 నుంచి 95 మధ్య ఉంచాలి. ప్రాణవాయువు మోతాదు మించితే ఇంకా ఎదుగుతున్న కంటి రెటీనా దెబ్బతింటుంది. ప్రాణం నిలిచిన బిడ్డ చూపు కోల్పోకూడదు కదా! అందుకే 34 వారాల లోపు పుట్టినవారికీ, రెండు కిలోల కంటే తక్కువ బరువున్నవారికీ నాలుగు వారాల వయసులోగా కంటి పరీక్ష చేయించాలి. ఇంటికి పంపే రోజు ఆ తేదీని తల్లి చేత ఒకసారి పలికించండి.

ఇప్పుడు పెన్ను తీసుకోండి. అదే 1.2 కిలోల బిడ్డకు, రోజుకు కిలోకు 80 మిల్లీలీటర్ల చొప్పున ద్రవం రాశారు. సిరంజి పంపులో గంటకు ఎంత పెడతారు? లెక్క కట్టి, పక్కనున్న వారితో సరిచూపించుకోండి. వచ్చే వీడియో అక్కడి నుంచే మొదలుపెడదాం.