నీలం పంపు లెక్క

వేదిక మీది పెద్దలకు, మన కాశీబుగ్గ, పలాస వాళ్లకు, ఇంత ఎండలో మందస నుంచి వచ్చిన అక్కలకు నమస్కారం. మే మొదటి మంగళవారం ప్రపంచ ఆస్తమా దినం కాబట్టి చికిత్సలో మెట్ల గురించి, అంటే జబ్బు తీవ్రతను బట్టి మందు పెంచే దశల గురించి చెప్పమన్నారు. మెట్లు ఐదు. వాటి కంటే ముందు మా అప్ప సంగతి చెప్పాలి.

అప్ప జీడిపప్పు కార్ఖానాలో పనిచేసేది. బట్టీ పొగ, పొట్టు దుమ్ము. మొదట్లో ఎప్పుడో ఒకసారి ఆయాసం, పిల్లికూతలు. డాక్టరు 'మైల్డ్' అని రాశారు. ఆ ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ నిశ్చింతగా ఉండిపోయాం. మందుల షాపు నాదే. ఆయాసం వచ్చినప్పుడు నోటితో పీల్చే నీలం ఇన్‌హేలర్‌నే మేం నీలం పంపు అంటాం. "తమ్ముడూ, నీలం పంపు ఇంకోటియ్యి, నాకేటవుతాది" అనేది. ఇచ్చేవాణ్ణి. రానురాను నెలకొకటి. పంపులో 200 మోతాదులు ఉంటాయి. అంటే రోజుకి ఆరేడు సార్లు నొక్కుతోంది. షాపులో ప్రతి పైసా లెక్క రాసేవాణ్ణి, ఈ లెక్క మాత్రం వెయ్యలేదు.

సంక్రాంతి ముందు ఒక మంచు రాత్రి అప్పకి మాట పూర్తి కాలేదు. రెండు పదాలు అని ఆగిపోయేది. ఆటోలో దారంతా పంపు నొక్కుతూనే ఉంది. ఆక్సిజన్, స్టెరాయిడ్ ఇచ్చి బతికించారు.

నీలం పంపులోని సాల్బుటమాల్ అనే మందు ఊపిరి గొట్టాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది. లోపలి వాపు అలాగే ఉంటుంది. వాపుని తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. ఆస్తమా వైద్యానికి ప్రపంచమంతా చూసే గీనా మార్గదర్శకాలు, పెద్దవాళ్లకి నీలం పంపు ఒక్కటే ఇవ్వొద్దని 2019లోనే చెప్పాయి. ఇప్పుడు మొదటి మెట్టు మీదే, ఆయాసం వచ్చినప్పుడు పీల్చే పంపులోనే తక్కువ మోతాదు స్టెరాయిడ్ కలిసి ఉండాలంటారు. బ్యుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసిన పంపు అదే. 2018 నాటి సిగ్మా పరిశోధనలో, ఉపశమనం మందు ఒక్కటే వాడినవాళ్ల కంటే ఈ పంపు వాడినవాళ్లకి తీవ్రమైన దాడులు 64 శాతం తగ్గాయి. స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడకండి. దీని కొలత మైక్రోగ్రాముల్లో. పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు.

మిగతా మెట్లు డాక్టరుగారు చెబుతారు. నాకు మీతో వేరే పని ఉంది. గడిచిన నాలుగు వారాలు తలచుకోండి. వారంలో రెండుసార్లకు మించి పగలు ఆయాసం వచ్చిందా? రాత్రి ఒక్కసారైనా ఆయాసంతో లేచారా? నీలం పంపు వారంలో రెండుసార్లకు మించి నొక్కారా? ఆయాసం వల్ల ఏ పనైనా మానుకున్నారా? ఒక్కదానికి 'అవును' అన్నా మీ ఆస్తమా పూర్తిగా అదుపులో లేదు. కాగితం మీద 'మైల్డ్' అని ఉన్నా సరే.

సంచుల్లోంచి పంపులు తియ్యండి. అమ్మా, మొహమాటం వద్దు, పైకెత్తండి. మూడో వరసలో ఉన్నది మా అప్పే. అప్పా, నువ్వూ ఎత్తు. ఏడాదిలో మూడో నీలం పంపు కొన్నవాళ్లు ఇంటికెళ్లిపోకండి, డాక్టరుగారి బల్ల దగ్గర వరసలో నిలబడండి. పేర్లు నేనే రాస్తాను.