మెచ్చుకునేవాళ్లు సరే, కొనేదెవరు?

వేదిక మీదున్న పెద్దలకు నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, అందరికీ హాయ్.

సోషల్ ఎంటర్‌ప్రైజ్ పోటీల గురించి మాట్లాడమని ప్రిన్సిపాల్ గారు పిలిచారు. కప్పు కొట్టిన టీముని వదిలేసి నన్నెందుకు పిలిచారో ఆయన్నే అడగాలి!

ఈ పోటీల్లో ఒక సామాజిక సమస్యకి పరిష్కారం చూపించాలి. అది చందాల మీద కాకుండా వ్యాపారంగా నిలబడాలి. 2009లో పుట్టిన హల్ట్ ప్రైజ్ అనే అంతర్జాతీయ పోటీలో గెలిచిన విద్యార్థులకు 10 లక్షల డాలర్ల పెట్టుబడి ఇస్తారు. మన దేశంలో టాటా సంస్థ, కలకత్తా ఐఐఎం కలిసి 2012లో ఇలాంటిదే ఒకటి మొదలుపెట్టాయి. మేం ఆడింది అంత పెద్ద గ్రౌండులో కాదు, జోన్ స్థాయి పోటీల్లో. అక్కడికే చేతులు వణికాయి.

మాది పలాస వైపు. మా సమస్య మా వీధిలోనే ఉంది. జీడిపిక్కల్ని బాయిలర్‌లో ఉడికించి, ఆరబెట్టి, కటింగ్‌కి పంపుతారు. ఆడవాళ్లు వరసగా కూర్చుని, ఒక్కో పిక్కనీ కత్తి మధ్యలో పెట్టి చీలుస్తారు. లోపలి పప్పుని మొనతో లాగుతారు. ఆ పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వేళ్లు నల్లబడి, తోలు లేచిపోయి ఉంటాయి. కొందరికి అన్నం కలుపుకోవడానికి కూడా మంట.

గ్లౌజులిస్తే సరిపోదా అని మీకూ అనిపిస్తుంది. ఇచ్చారు. అవి గోడకున్న మేకుకి వేలాడుతున్నాయి. కూలి కిలో లెక్కన. "గ్లౌజులేసుకుంటే సెయ్యి ఆడదమ్మా, సాయంత్రానికి తూకం పడిపోద్ది" అంది ఒక పిన్ని. ఆవిడ ఎడమ చేతి వేళ్లకి మాత్రం పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడుక్కుంది. పిక్కని పట్టుకునేది ఆ వేళ్లే కదా. మా ప్రాజెక్టు మొత్తం ఆ ట్యూబు ముక్కలోంచే వచ్చింది. పల్చటి వేలి తొడుగులు కుట్టించి, సైజులవారీగా ఇవ్వాలి. అంతే మా ఐడియా.

మొదటి రౌండులో నల్లబడ్డ చేతుల ఫొటో చూపించాం. హాలంతా చప్పట్లు. తర్వాత ఒక జడ్జి మేడమ్ అడిగారు: "ఇది కావాల్సింది ఆ కూలీకి. మరి కొనేదెవరు?"

ఈ పోటీల్లో అసలు పాఠం ఆ ప్రశ్నే. లాభం ఒకరికి, జేబులోంచి డబ్బు తీసేది ఇంకొకరైతే, ఆ రెండోవాడికి ఏం దక్కుతుందో చెప్పగలగాలి. మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి ఈ చిక్కుని ఎప్పుడో విప్పింది. డబ్బిచ్చి ఆపరేషన్ చేయించుకునేవాళ్ల మీద వచ్చిన మిగులుతో పేదలకి ఉచితంగా చేస్తుంది.

మాకు దారి దొరికింది పప్పు ధరలో. విరగని గుండు పప్పుకి ఒక రేటు, బద్దకి ఇంకో రేటు. పెంకు నూనె అంటి మరక పడ్డ పప్పుకి గ్రేడు పడిపోతుంది. కాబట్టి ఫ్యాక్టరీ ఓనర్ దగ్గర చేతుల మంట గురించి ఒక మాట, మరకల పప్పు గురించి పది మాటలు మాట్లాడాం. ఆయన వింటూ వింటూ జత ఎంత పడుతుందని అడిగాడు. నాకు చప్పట్ల కంటే ఆ మాట బాగుంది.

అయిదేళ్ల తర్వాత మీ ఆదాయం ఎంతని ఒక స్లైడు పెట్టమంటారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పెట్టండి, కానీ మీరే నమ్మేయకండి.

ఇంకో సంగతి ఇంగ్లీషు. మా టీములో కటింగ్ పని తెలిసిన అమ్మాయి ఒక్కతే. వాళ్లమ్మ అదే పని చేస్తుంది. స్టేజీ ఎక్కగానే టెన్షన్‌తో నోరు పెగల్లేదు. తెలుగులో చెప్పమ్మా అని ఒక జడ్జి అన్నాక, 80 కిలోల బస్తా పిక్కల్లోంచి పప్పు నాలుగో వంతే ఎందుకొస్తుందో, అందులో విరిగేదెంతో ఆపకుండా చెప్పింది. ఆ పోటీలో మమ్మల్ని నిలబెట్టింది ఆ పిల్లే. ఈ పోటీలు పెట్టేవాళ్లు తెలుగు అనుమతిస్తే ఇలాంటి పిల్లలు ఇంకెంతమంది బయటికొస్తారో! నిర్వాహకులు ఎవరైనా ఇక్కడుంటే, ఇది రిక్వెస్ట్ అనుకోండి.

ఫైనల్లో మాకు ప్రైజు రాలేదు. గెలిచినవాళ్లది మంచి ఐడియానే, లెక్కలు మాకంటే గట్టిగా ఉన్నాయి. తొడుగుల పని మాత్రం ఆగలేదు. కొత్త పిక్కల సీజన్‌లో ఒక వరస కూలీలకిచ్చి చూస్తానని ఆ ఓనరు ఒప్పుకున్నాడు. కుట్టడానికి మండలంలో టైలరింగ్ నేర్చుకున్న అక్కలున్నారు. రేటు కట్టి, ఖాతా రాసే మనిషే లేరు. మీలో బీకాం వాళ్లెవరికైనా ఆసక్తి ఉంటే, టీ తాగడానికి వెళ్లేముందు నన్నొకసారి కలవండి.