బరువు జిగురు మీద పెట్టకండి

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో పాడైపోయిన పూసల గొలుసు ఏదైనా ఉంటే ఒకసారి బయటికి తీసి చూడండి. పూసలు మాత్రం చాలావరకు బాగానే ఉంటాయి. ఊడేది లాకెట్, జారేది కుచ్చు, పడిపోయేది రాయి. అంటే ఒక వస్తువును ఇంకోదానికి తగిలించిన చోటే తేడా వస్తుంది. గొలుసులు గుచ్చేవాళ్ళు రంగులు కలపడానికి పెట్టే శ్రద్ధలో సగమైనా ఈ అతుకుల మీద పెడితే, కొన్నవాళ్ళు తిరిగి తీసుకొచ్చి ఇచ్చే పరిస్థితి రాదు.

మన విశాఖలో పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఫ్యాన్సీ దుకాణాల్లో పూసలు, లాకెట్‌ను గొలుసుకు తగిలించే చిన్న లోహపు రింగులు, కొక్కేలు దొరుకుతాయి. రింగులు కొనేటప్పుడు పర్సులో చిన్న అయస్కాంతం ఒకటి పెట్టుకెళ్ళండి. రింగు అయస్కాంతానికి అతుక్కుంటే లోపల ఇనుము ఉండే అవకాశం ఎక్కువ. పైన బంగారు రంగు పూత ఎంత మెరిసినా సరే, మన సముద్రపు గాలికి, చెమటకు పూత కాస్త గీరుకుపోగానే తుప్పు మొదలవుతుంది. ఇత్తడి రింగైతే నల్లబడుతుందేమో కానీ తుప్పు పట్టి తెగదు. దుకాణదారు వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇక ఆ రింగు తెరిచే పద్ధతి. చాలామంది రెండు కొసలూ పట్టుకుని పక్కలకు లాగుతారు. అలా లాగితే గుండ్రం పోతుంది, మూసినా కొసలు కలవవు. రెండు నోస్ ప్లయర్లు తీసుకుని, ఒక కొసను మీ వైపుకు, రెండోదాన్ని అవతలికి తిప్పాలి. మూసేటప్పుడు కూడా అంతే, అటూ ఇటూ కాస్త ఎక్కువగా తిప్పుతూ దగ్గరికి తెస్తే కొసలు ఒకదానికొకటి ఒరుసుకున్నట్టు చేతికి తెలుస్తుంది. తర్వాత గోరుతో తడమండి. సందు తగిలితే మీ గొలుసు దారం ఏదో ఒకరోజు అందులోంచే జారుతుంది. బరువైన లాకెట్‌కి సన్నటి రింగు వద్దు. తీగ గేజ్ నంబరు పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తుంచుకోండి. అమెరికన్ గేజ్ లెక్కలో 18 గేజ్ తీగ దాదాపు ఒక మిల్లీమీటరు మందం, 22 గేజ్ దాదాపు 0.6 మిల్లీమీటర్లే. అసలు అనుమానమే వద్దనుకుంటే తాళాల గుత్తికి ఉండేలాంటి రెండు చుట్ల రింగు చిన్న సైజులో దొరుకుతుంది, అది వాడండి.

వేలాడే పూసలకు, కింద తల ఉన్న తీగ పిన్ను గుచ్చి, కొసను ఊరికే గుండ్రంగా వంచి వదిలేస్తే, దుపట్టాకి తగులుకున్న ప్రతిసారీ ఆ వంపు కాస్త కాస్త విప్పుకుంటుంది. కొంచెం పొడవైన పిన్ను తీసుకుని, గుండ్రంగా వంచాక మిగిలిన తీగను దాని మెడ చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి కత్తిరించండి. ఇక ఊడాలంటే తీగే తెగాలి.

దారం సంగతి చెప్పాలంటే, గాజు పూసల రంధ్రం అంచు, లోహపు పూసల అంచు దారాన్ని కోస్తూనే ఉంటాయి. అలాంటివాటికి నైలాన్ పూత ఉన్న సన్నటి స్టీలు తీగ నయం. దాని కొసను ముడి వేయకూడదు, క్రింప్ పూసతో, అంటే నొక్కితే చదునై తీగను పట్టేసే చిన్న లోహపు పూసతో, నొక్కాలి. నొక్కాక మిగిలిన తోకను అక్కడికక్కడే కత్తిరించకుండా రెండు మూడు పూసల్లోకి దూర్చి దాచండి. పూసలను మరీ బిగించి గుచ్చకండి, మెడ మీద వంగడానికి చోటు లేకపోతే తీగ క్రింప్ దగ్గరే విరుగుతుంది.

ఇప్పుడు జిగురు. నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను: బరువు మోసే పని లోహానికో దారానికో ఇవ్వాలి, జిగురు పని వస్తువు కదలకుండా ఆపడం మాత్రమే. బీచ్‌లో కొన్న గవ్వను వెనక జిగురు రాసి అంటించారనుకోండి, నాలుగు రోజులు ఉంటుంది. అదే గవ్వకు రంధ్రం పెట్టి తీగ తొడిగితే జిగురు అక్కర్లేదు. రంధ్రం పెట్టేటప్పుడు గవ్వను తడిగా ఉంచి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

రాళ్ళు అంటించక తప్పదంటే సూపర్ గ్లూ జోలికి వెళ్ళకండి. అది గట్టిగానే పడుతుంది కానీ పెళుసు, కింద పడితే పటుక్కున ఊడుతుంది. పైగా మెరిసే రాయి చుట్టూ తెల్లటి పొరలా కమ్ముతుంది. రెండు ట్యూబుల్లో వచ్చే ఎపాక్సీ సమపాళ్ళలో కలిపి వాడండి. కొన్ని నిమిషాల్లోనే పట్టినట్టు కనిపించినా పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది, అందాకా పక్కన పెట్టండి. వెనక అద్దంలా మెరిసే పూత ఉన్న రాళ్ళతో ఇంకో చిక్కుంది. జిగురు పట్టేది రాయిని కాదు, ఆ పూతను. పూత లేచిపోతే రాయీ పోతుంది. అందుకే అలాంటివి చుట్టూ పళ్ళున్న లోహపు కప్పులో కూర్చోబెట్టినవి, లేదా కుట్టడానికి రంధ్రాలున్నవి కొనండి.

ఏటికొప్పాక లక్క పూసలు వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ బొమ్మలకు, పూసలకు అంకుడు కర్ర మీద లక్క పూత వేస్తారు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, వేడికి మెత్తబడుతుంది. అంటించే ముందు స్పిరిట్‌తో తుడవమని వీడియోల్లో చెప్పే మాట గాజుకు, లోహానికి సరే. లక్క పూసను అలా తుడిస్తే రంగు మీ గుడ్డకు వస్తుంది. గ్లూ గన్ వేడి జిగురూ వద్దు. చెక్క కదా, సన్నటి రంధ్రం ముందుగా వేసుకుని చిన్న మర కొక్కెం తిప్పి బిగించండి.

ఒకవేళ అంటించిన రాయి ఊడితే విసుక్కుని మళ్ళీ అదే జిగురు రాసేయకండి. ముందు జిగురు ఎటు మిగిలిందో చూడండి. లోహం మీదే ఉండిపోయి రాయి శుభ్రంగా వచ్చేస్తే, రాయికి చేతి జిడ్డు అంటుకుని ఉంటుంది. రాయితో పాటే వచ్చేస్తే లోహం మరీ నున్నగా ఉందన్నమాట, గరుకు కాగితంతో రుద్దాలి. రెండువైపులా సగం సగం చీలితే తప్పు జిగురుదే, సరిగ్గా కలవలేదు, లేదా ఆరకముందే కదిలింది.